రిపోర్టులో ‘పాజిటివ్’ అని ఉంది, నమ్మాలా?

పాఠకుల ప్రశ్నలకు వైరాలజీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన డాక్టర్ జవాబులు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే చాలావాటిలో ఒకటే మాట, పాజిటివ్. ఆ మాట చూసి కొందరు రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. కొందరేమో అసలు నమ్మనే నమ్మమంటున్నారు. నేను ముప్పై ఏళ్లు ఆ మాట కింద సంతకం పెట్టిన మనిషిని. ఎన్ని సంతకాలు పెట్టానో లెక్క లేదు కానీ, పెట్టబోతూ ఆగి, పెన్ను పక్కన పడేసి, టెస్టు ప్లేటు మళ్లీ చూడ్డానికి లేచిన రోజులు మాత్రం బాగా గుర్తున్నాయి. పేర్లు వద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31. తరచూ రక్తదానం చేస్తుంటాను. పోయిన నెల రక్తం ఇచ్చిన కొన్ని రోజులకు ఫోన్ చేసి, ‘మీ రక్తం హెచ్ఐవీకి రియాక్టివ్ వచ్చింది, ఒకసారి రండి’ అన్నారు. నాకు అది వచ్చే అవకాశమే లేదు. నా భార్యకు ఇంకా చెప్పలేదు. నెట్‌లో చూస్తే ఈ టెస్టు 99 శాతం కరెక్ట్ అని ఉంది. అంటే నాకు 99 శాతం ఉన్నట్టేనా?

జవాబు: కాదు బాబూ. ఆ 99 శాతం దేని గురించో కింద లెక్కల మాస్టారి ఉత్తరానికి జవాబులో రాశాను, అది కూడా చదవండి. ముందు వాళ్లు ఫోన్లో వాడిన మాట గమనించండి. ‘రియాక్టివ్’ అన్నారు, ‘పాజిటివ్’ అనలేదు. బ్లడ్ బ్యాంకుల్లో ఆ రెండు మాటలకీ తేడా ఉంది. రియాక్టివ్ అంటే ‘ఈ రక్తం మా కిట్‌లో రంగు చూపించింది, ఎందుకు చూపించిందో ఇంకా తేల్చాలి’ అని.

ఆ రంగు ఎలా వస్తుందో చెబుతాను. ప్లాస్టిక్ ప్లేటులో చిన్న చిన్న గుంటలుంటాయి. వాటి అడుగున వైరస్ ప్రోటీన్ ముక్కలు అంటించి ఉంటాయి. మీ రక్తంలో ఆ వైరస్‌ని పట్టుకునే యాంటీబాడీలుంటే అవి వచ్చి అక్కడ అతుక్కుంటాయి. తర్వాత వేసే మందుతో రంగు వస్తుంది. చిక్కంతా ఆ అతుక్కోవడంలో ఉంది. గుంపులో ఎవరినో వెనక నుంచి చూసి మనవాడే అనుకుని భుజం మీద చెయ్యి వేసినట్టు, వేరే దేనికోసమో తయారైన యాంటీబాడీ కూడా ఒక్కోసారి ఇక్కడ అతుక్కుంటుంది. గర్భవతుల్లో, చాలాసార్లు రక్తం ఎక్కించుకున్నవాళ్లలో, లూపస్ లాంటి, ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బులున్నవాళ్లలో ఇలా జరగడం మాకు తెలిసిందే. 1991లో అమెరికాలో ఫ్లూ టీకా వేయించుకున్న కొందరు రక్తదాతలకు హెచ్ఐవీ స్క్రీనింగ్‌లో ఇలాగే తప్పుడు రియాక్టివ్ వచ్చింది. ఇంకో సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీవాళ్లు చేసిన కరోనా టీకాను 2020 డిసెంబర్‌లో మధ్యలోనే ఆపేశారు. ఆ టీకాలో ఒక ప్రోటీన్‌ని బిగించి ఉంచడానికి హెచ్ఐవీ ప్రోటీన్‌లోంచి చిన్న ముక్క వాడారు. దాంతో టీకా వేయించుకున్నవాళ్లలో కొందరికి హెచ్ఐవీ పరీక్ష పాజిటివ్ వచ్చింది. వాళ్లలో ఒక్కరికీ హెచ్ఐవీ లేదు, ఆ ముక్కతో వచ్చే వీలూ లేదు.

పైగా రక్తదానంలో వాడే టెస్టుని కావాలనే అతిజాగ్రత్తగా తయారుచేస్తారు. 1985లో మొదటి హెచ్ఐవీ ఎలైసా టెస్టుకి (పైన చెప్పిన గుంటల ప్లేటు టెస్టు పేరు అదే) అమెరికాలో అనుమతి వచ్చింది రక్తం సీసాలను వడకట్టడానికే. ఒక్క చెడ్డ సీసా కూడా తప్పించుకోకూడదు, పది మంచి సీసాలు పారబోసినా పరవాలేదు అన్న లెక్కతో, కొద్దిగా రంగు వచ్చినా రియాక్టివ్ అనేలా గీత బాగా కిందికి గీశారు. సీసాకి ఆ లెక్క బాగానే ఉంటుంది. ఆ సీసా వెనక ఉన్న మనిషికే టెన్షన్.

ఇప్పుడు చేయాల్సింది. వాళ్లు రమ్మన్నారు కాబట్టి వెళ్లండి. కొత్తగా రక్తం తీసి, వేరే రకం కిట్లతో పరీక్షించమనండి. ‘వేరే రకం’ అన్నది గట్టిగా అడగండి. అదే రక్తాన్ని అదే కిట్‌లో మళ్లీ పెడితే ఆ పొరపాటు యాంటీబాడీ మళ్లీ అక్కడే అతుక్కుంటుంది, మళ్లీ రియాక్టివ్ వస్తుంది, రెండుసార్లు వచ్చింది కదా అని మీరు కుంగిపోతారు. వరుసగా మూడు పరీక్షలు రియాక్టివ్ వస్తేనే హెచ్ఐవీ ఉందని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అన్ని దేశాలకూ సూచించింది. మీకు ఇప్పటికి అయింది ఒక్కటే.

‘అవకాశమే లేదు’ అన్నారు. ఆ మాట నిజమైతే ఈ రియాక్టివ్ తప్పయ్యే అవకాశం చాలా పెరుగుతుంది. అయినా ఆ ధీమాతో రెండో టెస్టు మానేయకండి. ఇక మీ భార్యకు చెప్పడం విషయం. నన్నడిగితే చెప్పేయండి. ‘ఒక టెస్టులో రియాక్టివ్ వచ్చింది, ఇంకా ఖాయం కాలేదు, ఫలానా రోజు వెళ్తున్నాను’ అంటే సరిపోతుంది. ఫలితం తేలేదాకా కండోమ్ వాడండి, రక్తం ఇవ్వకండి.

ప్రశ్న: అమ్మా, నేను లెక్కల మాస్టారిని. గత సంచికలో మీరు ‘చాలా మంచి టెస్టు పెట్టినా, వచ్చిన పాజిటివ్‌లలో ఎక్కువ భాగం తప్పు కావచ్చు’ అని రాశారు. టెస్టు 99.5 శాతం కరెక్ట్ అయితే తప్పు అర శాతమే కదా. ఎక్కువ భాగం ఎలా అవుతుంది? అచ్చుతప్పు అనుకుంటున్నాను.

జవాబు: అచ్చుతప్పు కాదు మాస్టారూ, అచ్చంగా లెక్కే. సుద్దముక్క మీరు పట్టుకోండి, అంకెలు నేను చెబుతాను. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు, ఏ కిట్‌వీ కావు.

లక్షమంది ఉన్నారు. వాళ్లలో వైరస్ ఉన్నది వెయ్యికి ఒక్కరికి, అంటే 100 మందికి. టెస్టు వాళ్లందరినీ పట్టేసిందనుకుందాం. 100 పాజిటివ్‌లు. మిగిలిన 99,900 మందికి వైరస్ లేదు. వాళ్లలో అర శాతం మందికి టెస్టు పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. అది దాదాపు 500. ఇప్పుడు నా బల్ల మీద 600 పాజిటివ్ రిపోర్టులున్నాయి. వాటిలో నిజమైనవి 100. ఆరింటికి ఒకటి. ఇందులో టెస్టు తప్పేమీ లేదు, డబ్బా మీద రాసినట్టే పనిచేసింది.

అదే టెస్టుని జబ్బు బాగా ఉన్నచోట పెట్టండి. లక్షలో 10,000 మందికి వైరస్ ఉంది. అందరినీ పట్టింది, 10,000. మిగిలిన 90,000లో అర శాతం 450. మొత్తం 10,450 పాజిటివ్‌లలో నిజమైనవి 10,000. నూటికి దాదాపు 96. అదే కిట్, అదే కంపెనీ, అదే టెక్నీషియన్. మారింది ఎవరికి పరీక్ష చేశామన్నదే. అందుకే మంచి డాక్టర్ రిపోర్టు చూసే ముందు మిమ్మల్ని చూస్తారు. జ్వరం ఉందా, ఇంట్లో ఎవరికైనా వచ్చిందా, అసలు ఈ టెస్టు ఎందుకు చేయించుకున్నారు అని అడుగుతారు. ఆ ప్రశ్నల్ని కాలక్షేపం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

వాన పడితే నేల తడుస్తుంది. నేల తడిసింది కాబట్టి వానే పడిందని మీరు పిల్లల్ని ఒప్పుకోనివ్వరు కదా. ‘జబ్బుంటే పాజిటివ్ వచ్చే అవకాశం’ ఒకటి, ‘పాజిటివ్ వస్తే జబ్బుండే అవకాశం’ ఇంకొకటి. డబ్బా మీద ఉండేది మొదటిది. రోగికి కావలసింది రెండోది. ఈ రెండోదాన్ని లెక్కగట్టే దారి చూపించినది ఇంగ్లండ్ గణితజ్ఞుడు థామస్ బేయిస్ వ్యాసం. ఆయన పోయిన రెండేళ్లకు 1763లో అచ్చయింది. అంటే మన దగ్గర సూత్రం రెండున్నర శతాబ్దాలుగా ఉంది. ఫోన్లో రిపోర్టు చెప్పేవాళ్ల దాకా మాత్రం అది ఇంకా చేరినట్టు లేదు.

ఇంకొక్క మెట్టు ఎక్కండి, మీకు నచ్చుతుంది. మొదటి లెక్కలోని ఆ 600 మందికి మాత్రమే, వేరే పద్ధతిలో పనిచేసే రెండో టెస్టు చేద్దాం. దానికీ తప్పు అర శాతమే అనుకోండి. తప్పుగా వచ్చిన 500 మందిలో మళ్లీ తప్పు వచ్చేది ఇద్దరికో ముగ్గురికో. నిజమైన 100 అలాగే ఉంటాయి. ఆరింటికి ఒకటిగా ఉన్న నమ్మకం నూటికి 97 దాటిపోయింది. మూడో టెస్టుతో ఆ ఇద్దరు ముగ్గురు కూడా దాదాపుగా బయటపడతారు. పైన రక్తదాత బాబుకి మూడు పరీక్షలని చెప్పింది ఇందుకే. అయితే రెండో టెస్టు తప్పులు మొదటిదాని తప్పులతో కలవకూడదు. రెండూ ఒకేచోట తడబడితే ఈ లెక్క చెల్లదు.

ప్రశ్న: మేడమ్, హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ అయ్యాయి. ఉద్యోగం కోసం రక్తపరీక్ష చేయిస్తే ‘యాంటీ హెచ్‌బీఎస్ పాజిటివ్’ అని వచ్చింది. టీకా వల్లే జబ్బు అంటుకుందా?

జవాబు: మిఠాయి పంచుకోవాల్సిన పాజిటివ్ ఇది. యాంటీ హెచ్‌బీఎస్ అంటే వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీ. టీకా పనిచేసిందని అర్థం. భయపడాల్సింది ‘హెచ్‌బీఎస్‌ఏజీ’ అన్న వరసలో పాజిటివ్ వస్తే, అది వైరస్ పైపొర. రెండు పేర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉండి జనాన్ని తికమక పెడతాయి. ఒక చిన్న మెలిక కూడా ఉంది. టీకా వేయించుకున్న రెండు మూడు వారాల్లోపు పరీక్ష చేస్తే, టీకాలో ఉన్న ఆ పైపొరే రక్తంలో కనబడి హెచ్‌బీఎస్‌ఏజీ కూడా తాత్కాలికంగా పాజిటివ్ చూపించవచ్చు. టీకా వేయించుకున్న వెంటనే ఆ టెస్టుకి వెళ్లకండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, ఒంట్లో ఏ బాధా లేదు. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ చేయించుకుంటే అందులో హెర్పిస్-2 ఐజీజీ పాజిటివ్, ఇండెక్స్ 1.6 అని వచ్చింది. మా వారు రిపోర్టు చదివి, నెట్‌లో చూసి, రెండు వారాలుగా నాతో సరిగా మాట్లాడడం లేదు. పెళ్లయి పద్నాలుగేళ్లు. నేనేం తప్పు చేశానమ్మా?

జవాబు: మీరేం తప్పు చేయలేదమ్మా. తప్పంటే ఆ ప్యాకేజీలో ఈ టెస్టు పెట్టినవాళ్లది. హెర్పిస్-2 ఎక్కువగా లైంగికంగా సోకే వైరస్, ఐజీజీ అంటే దానిమీద తయారయ్యే ఒక రకం యాంటీబాడీ. ఏ లక్షణమూ లేనివాళ్లకు హెర్పిస్ రక్తపరీక్ష చేయవద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం అనే నిపుణుల బృందం 2016లో చెప్పింది, 2023లో మళ్లీ చెప్పింది. కారణం మీ ఇంట్లో జరుగుతున్నదే. తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ, వాటివల్ల జరిగే నష్టం ఇంకా ఎక్కువ.

ఆ 1.6 అన్న అంకె చూడండి. ఈ టెస్టులో 1.1 దాటితే పాజిటివ్ అని యంత్రం రాసేస్తుంది. 1.2 అయినా, 9 అయినా దానికి ఒకటే మాట. మాకు మాత్రం ఒకటి కాదు. ఇండెక్స్ 3 కన్నా తక్కువ ఉంటే వేరే పద్ధతిలో రెండో పరీక్షతో ఖాయం చేసుకోవాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 మార్గదర్శకాల్లో రాసింది. చిన్నప్పుడు పెదవుల మీద పొక్కులు తెప్పించే హెర్పిస్-1 చాలామందికి సోకి ఉంటుంది. దాని యాంటీబాడీలు కూడా ఇక్కడ పొరపాటున అతుక్కుంటాయి.

మీ వారికి ఈ పేరా చదివి వినిపించండి. ఒకవేళ రెండో పరీక్షలో నిజంగానే పాజిటివ్ వచ్చిందనుకుందాం. అప్పుడు కూడా ఈ టెస్టు ఎప్పుడు సోకిందో చెప్పలేదు, ఎవరి నుంచో చెప్పలేదు. చాలామందిలో ఏ పొక్కూ లేకుండా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆయనకి టెస్టు చేయించారా? ఉత్తరంలో ఆ మాట లేదు. నాకు అనుమానం వచ్చింది, అడిగేశాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. కరోనా వచ్చి తగ్గి ఐదు వారాలైంది. ప్రయాణం కోసం పీసీఆర్ చేయిస్తే మళ్లీ పాజిటివ్. సీటీ వాల్యూ 36 అని రాశారు. ల్యాబ్ తప్పా? నా నుంచి ఇంకా అంటుకుంటుందా?

జవాబు: ల్యాబ్ తప్పు కాకపోవచ్చు. మీ నుంచి అంటుకోకపోవచ్చు కూడా. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

పీసీఆర్‌ని అమెరికా శాస్త్రవేత్త కారీ మల్లిస్ 1983లో కనిపెట్టారు, పదేళ్లకు నోబెల్ వచ్చింది. అది చేసే పని ఒక్కటే. జన్యుపదార్థంలో మనం అడిగిన చిన్న ముక్క దొరికితే దాన్ని రెండు చేస్తుంది, రెండిని నాలుగు, నాలుగుని ఎనిమిది. ఎన్నో రౌండులో కనబడిందో అదే సీటీ వాల్యూ. తక్కువ రౌండ్లలో దొరికితే వైరస్ సరుకు ఎక్కువ ఉన్నట్టు. 20కీ 35కీ తేడా పదిహేను రెట్టింపులు, అంటే దాదాపు 33 వేల రెట్లు. మీది 36. అంటే గీకగా గీకగా అడుగున దొరికిన నలుసు.

ఆ నలుసు బతికున్న వైరస్‌దా, చచ్చిన వైరస్ తునకా అన్నది పీసీఆర్ చెప్పలేదు. కరోనా మామూలుగా వచ్చి తగ్గినవాళ్లలో పది రోజులు దాటాక ల్యాబ్‌లో పెంచితే పెరిగే వైరస్ దొరకడం అరుదు. ఆర్ఎన్ఏ (ఆ వైరస్ జన్యుపదార్థం) తునకలు మాత్రం వారాల తరబడి, ఒక్కోసారి మూడు నెలల దాకా దొరుకుతూనే ఉంటాయి. అందుకే తగ్గిన మూడు నెలల్లోపు, కొత్త లక్షణాలు లేకపోతే పీసీఆర్ మళ్లీ చేయవద్దనేవాళ్లు. మీ పాజిటివ్ నిజమే. మీరు దాన్ని అడిగిన ప్రశ్న ‘అంటుకుంటుందా?’ అని. అది చెప్పిన జవాబు ‘ఎప్పుడో ఉండేది’ అని.

అయితే సీటీ ఒక్కటి చూసి తీర్పు ఇవ్వకండి. కిట్‌ని బట్టి, స్వాబ్ ఎంత బాగా తీశారన్నదాన్ని బట్టి అది మారుతుంది. జబ్బు మొదలైన మొదటి రోజున కూడా 36 రావచ్చు, రెండు రోజులకు 20కి దిగవచ్చు. మీకు ఐదు వారాల చరిత్ర ఉంది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ల్యాబ్ తప్పుల ఊసెత్తారు కాబట్టి నా సంగతి ఒకటి చెప్పాలి. ఒక రోజు మా ల్యాబ్‌లో 22 శాంపిళ్లు పెట్టాం, 22 పాజిటివ్. పక్కన కంట్రోల్‌గా ఉత్త నీళ్లు పెట్టిన గొట్టం ఉంటుంది. అది కూడా పాజిటివ్! నీళ్లకు కూడా జబ్బు చేసిందన్నమాట. ముందు రోజు పూర్తయిన పీసీఆర్ గొట్టం ఒకటి ఎవరో శాంపిళ్లు కలిపే గదిలో మూత తీశారు. ఒక్క గొట్టంలో కోట్ల కోట్ల కాపీలుంటాయి, కంటికి కనబడని తుంపర చాలు. ఆ రోజు రిపోర్టులన్నీ ఆపేశాం, గదంతా బ్లీచింగ్‌తో తుడిచాం, కొత్త మందులు తెప్పించాం. ఆ తర్వాత ఆ గదిలోకి పెన్ను కూడా బయటి నుంచి తేనివ్వలేదు నేను, జూనియర్లు వెనకాల నవ్వుకునేవాళ్లు. పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2020 ఫిబ్రవరిలో అమెరికా సీడీసీ రాష్ట్రాల ల్యాబులకు పంపిన మొదటి కరోనా కిట్లు కూడా వైరస్ లేని కంట్రోల్‌లో వెలిగాయి, దాంతో వారాల తరబడి పరీక్షలు నిలిచిపోయాయి.

ఎలైసాలో ఇంకో రకం. ఒకసారి ప్లేటులో ఒకే అడ్డ వరుసలో పన్నెండుకు పన్నెండు గుంటలు పసుపురంగుకి తిరిగాయి. రోగాలు వరుస కట్టి రావు కదా! చూస్తే కడిగే యంత్రంలో ఒక ముక్కు మూసుకుపోయింది, ఆ వరుస సరిగా కడగలేదు. సూదితో ముక్కు పొడిచి మళ్లీ నడిపితే పన్నెండూ తెల్లబడ్డాయి. ఆ ప్లేటు చూడకుండా కంప్యూటర్ అంకెలు మాత్రమే చూసి సంతకం పెట్టి ఉంటే? ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ వస్తుంటుంది.

ప్రశ్న: ఇంట్లో కరోనా ర్యాపిడ్ కిట్‌తో చూసుకున్నాను. నెగెటివ్. చెత్తబుట్టలో పడేశాను. రాత్రి చూస్తే రెండో గీత సన్నగా కనిపించింది. ఏది నమ్మాలి?

జవాబు: మొదట చూసిందే. ఈ కిట్లకు టైం ఉంటుంది, ఎక్కువగా 15 నుంచి 30 నిమిషాలు, మీ కిట్ కాగితం మీద రాసి ఉంటుంది. ఆ తర్వాత పట్టీ ఆరిపోతూ మచ్చలు, గీతలు తెస్తుంది. చెత్తబుట్టలోంచి తీసిన రిపోర్టు చెల్లదు.

టైం లోపల గీత వస్తే మాత్రం, ఎంత సన్నగా ఉన్నా, సాధారణంగా పాజిటివ్ కిందే తీసుకోవాలి. జ్వరం, దగ్గు ఉండి గీత వస్తే నాకు పెద్దగా అనుమానం ఉండదు. ఏ లక్షణమూ లేనివాళ్లకు పదేపదే చేస్తుంటేనే సమస్య. కెనడాలో 2021లో పనిచేసేచోట్ల 9 లక్షలకు పైగా ర్యాపిడ్ టెస్టులు చేశారు. పాజిటివ్ వచ్చినవి 1,322. అందులో పీసీఆర్‌తో సరిచూసినవి 1,103, వాటిలో 462 తప్పని తేలింది. మొత్తం టెస్టుల్లో చూస్తే రెండువేలకు ఒకటి తప్పు, అదేం పెద్దది కాదు. పాజిటివ్‌లలో చూస్తే నూటికి 42! మాస్టారు ఇది కూడా చదువుతారనుకుంటాను. ఆ తప్పుల్లో సగానికి పైగా, 278, వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండేరెండు చోట్ల నుంచి వచ్చాయి, అన్నీ ఒకే బ్యాచ్ కిట్లు. అందుకే డబ్బా పారేసే ముందు బ్యాచ్ నంబర్ ఫొటో తీసుకోండి.

ఇంకోటి. నారింజరసం చుక్క వేస్తే కూడా గీత వస్తుంది. ఇంగ్లండ్‌లో పిల్లలు బడి ఎగ్గొట్టడానికి కనిపెట్టిన విద్య ఇది. పులుపుకి, వైరస్‌ని పట్టడానికి పట్టీలో పెట్టిన యాంటీబాడీలు పాడై ఒకదానికొకటి అంటుకుంటాయి. మీ ఇంట్లో పరీక్షల ముందు రోజు పాజిటివ్ వచ్చే పిల్లలుంటే, టెస్టు మీ ఎదురుగా చేయించండి.

ప్రశ్న: అమ్మా, నేను హెచ్ఐవీ మందులు వాడుతున్నాను. పాపకు ఐదో నెల. జలుబు చేసి ఒక చిన్న క్లినిక్‌కి తీసుకెళ్తే నా సంగతి తెలిసి కార్డు టెస్టు చేసి పాపకూ పాజిటివ్ అన్నారు. పాపకి పాలు, నిద్ర, ఏడుపు అన్నీ మామూలుగానే ఉన్నాయి. అప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు.

జవాబు: తల్లీ, ముందు అన్నం తినండి. ఐదు నెలల పాపకు ఆ కార్డు టెస్టు చేయకూడదు. అది వెతికేది యాంటీబాడీలను. కడుపులో ఉన్నప్పుడు మీ యాంటీబాడీలు మాయ దాటి పాపలోకి వెళ్లాయి. ఏడాదిన్నర దాకా అవి కనబడుతూ ఉండవచ్చు. క్లినిక్‌వాళ్లు పాప రక్తంలో చూసింది మిమ్మల్నే.

పద్దెనిమిది నెలల లోపు పిల్లలకు వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ చేయాలి. మొదటిది నాలుగు నుంచి ఆరు వారాల వయసులో జరిగి ఉండాలి. జరిగిందా? జరిగితే ఆ కాగితం బయటికి తీయండి. జరగకపోతే, మీరు మందులు తీసుకునే కేంద్రానికి రేపే వెళ్లండి. తల్లికి మందులు లేనప్పుడు నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు సోకేది. తల్లి సరిగ్గా మందులు వాడితే, పాలిచ్చినా అది 5 కన్నా కిందికి దించవచ్చు. మీ మందులు గానీ, పాపకి ఇస్తున్న మందు గానీ ఒక్క పూట కూడా ఆపకండి. పీసీఆర్ కూడా పాజిటివ్ వస్తే వెంటనే పాపకు మందులు మొదలుపెడతారు, ఖాయం చేసుకోవడానికి ఇంకో శాంపిల్ పక్కన పంపుతారు. ఆ రెండో ఫలితం వచ్చేదాకా ఆగరు. పాలు, నిద్ర, ఏడుపు అన్నీ మామూలుగానే ఉన్నాయని రాశారు కదా. ఫలితం రాగానే నాకు రాయండి.

ప్రశ్న: మా వారికి 58. మోకాలి ఆపరేషన్ ముందు చేసిన టెస్టులో హెపటైటిస్-సి యాంటీబాడీ పాజిటివ్ వచ్చింది. ఇంకో టెస్టు చేయించుకోమంటే మీ శీర్షికే చూపించి, ‘ఇవన్నీ తప్పుడు పాజిటివ్‌లేనని డాక్టరమ్మే రాస్తోంది’ అంటున్నారు. ఏం చేయను?

జవాబు: అయ్యో, నా మాటలు నాకే తగిలాయి. తప్పుడు పాజిటివ్ కావచ్చని నేను రాసేది రెండో టెస్టుకి వెళ్లడానికి. మీ వారు దాన్ని వెళ్లకపోవడానికి వాడుకుంటున్నారు.

ఆయన పాజిటివ్‌కి మూడు అర్థాలుండవచ్చు. టెస్టు పొరపడింది. లేదా వైరస్ ఎప్పుడో వచ్చి, దానంతటదే పోయి, యాంటీబాడీ గుర్తుగా మిగిలింది. సోకినవాళ్లలో నూటికి 15 నుంచి 45 మందికి ఆరు నెలల్లో అలా పోతుంది. లేదా వైరస్ ఇప్పటికీ కాలేయంలో కూర్చుని ఉంది. వైరస్ ఇప్పుడు ఉందో లేదో తేల్చేది హెచ్‌సీవీ (హెపటైటిస్-సి వైరస్) ఆర్ఎన్ఏ టెస్టు. యాంటీబాడీ టెస్టు ఎన్నిసార్లు చేసినా లాభం లేదు. అది నిజంగా సోకి పోయినవాళ్లలో కూడా ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది.

‘నాకేం బాధ లేదుగా’ అంటారని ఊహిస్తున్నాను. ఈ వైరస్ ఇరవై ముప్పై ఏళ్లు చప్పుడు చేయకుండా ఉండి, కాలేయం గట్టిపడ్డాకో క్యాన్సర్ వచ్చాకో బయటపడగలదు. 1989 దాకా దీనికి పేరు కూడా లేదు, ఏ కాదు బీ కాదు అనేవాళ్లు. దాన్ని కనిపెట్టిన హార్వే ఆల్టర్, మైకేల్ హాటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు మాత్రలతో, చాలామందికి పన్నెండు వారాల్లో, నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతోంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఈ వాక్యం ఎవరైనా అంటే నవ్వేవాళ్లం.

ఆయనతో వాదించకండి. టెస్టు తప్పని నిరూపించడానికే వెళ్దాం రమ్మనండి, ఆ మాటకి లేస్తారు. వెళ్లినప్పుడు ఆర్ఎన్ఏ టెస్టుకి, లివర్ టెస్టులకి కావలసిన రక్తమంతా ఒకేసారి తీయమని ల్యాబ్‌వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. రెండోసారి ఆయన వస్తారన్న నమ్మకం నాకు లేదు.